ఆవుకి పూజ సరే, గడ్డి మాటేమిటి?

 

మొన్న కనుమ వీడియో చూసి కోనసీమ నుంచి ఒక అమ్మ అడిగారు. "పండగరోజు ఆవుకి పసుపు రాశాం, బొట్టు పెట్టాం, పొంగలి తినిపించాం. మర్నాటి నుంచి అది కాలవగట్టు మీద ప్లాస్టిక్ కవర్లు నములుతూ తిరుగుతోంది. మా పుణ్యం మాకు దక్కినట్టేనా అండీ?" ఏదో రెండు ముక్కల్లో జవాబు చెప్పి తప్పించుకున్నాను కానీ ప్రశ్న నన్ను వదల్లేదు.

ముందు పొంగలి సంగతి. ఆవు పొట్ట గడ్డిని అరిగించుకోవడానికి పుట్టింది. అన్నం, బెల్లం ఒక్కసారే ఎక్కువ పడితే లోపల పులిసి, పొట్ట ఉబ్బి, ప్రాణం మీదికొస్తుంది. పదిళ్ళవాళ్ళూ భక్తితో తలో పళ్ళెం పెడితే జరిగేది అదే.

భాగవతం దశమ స్కంధంలో గోవర్ధన పూజ మనందరికీ తెలుసు. కొండ ఎత్తడం గుర్తుంటుంది, అంతకుముందు కృష్ణుడు నందుడితో అన్నది మరిచిపోతాం. ఆవులకి గడ్డి వేయండి, కొండకి నైవేద్యం పెట్టండి అన్నాడు. పొంగలి ఆవుకి కాదు, కొండకి! ఆవు మేసే చోటుకి కూడా పూజ చేయించాడు స్వామి.

హరివంశంలో ఇంకా సూటిగా ఉంటుంది. ఈ అడవిలో గడ్డీ, చెట్లూ మనవాళ్ళే వాడేశారు, బృందావనానికి పోదాం అని కృష్ణుడు బలరాముడితో అంటాడు. జనాన్ని కదిలించడానికి తన ఒంట్లోంచి తోడేళ్ళను పుట్టిస్తాడు. వాటికి భయపడి మంద అంతా బయల్దేరుతుంది. చూడండి, గడ్డి అయిపోతోందని ఎవరూ కదల్లేదు, తోడేలు వస్తేనే కదిలారు. మనమూ అంతే కదా.

అయితే వాళ్ళు వెళ్ళడానికి బృందావనం ఉంది. మనకేది? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా వరి అయింది. అయినా పశువు బతికింది. వరి కోతకి ముందే తడి చేలో పిల్లిపెసర, జనుము చల్లేవారు. అది పశువుకి మేత, భూమికి సత్తువ. ఇంటి వెనక గడ్డిమేటు, గోదాట్లో లంకలు ఉండేవి. ఇప్పుడు దాళ్వా వచ్చి ఆ చేలో రెండో వరి. కోత మిషను గడ్డిని చెల్లాచెదరు చేస్తే కొందరు తగలబెట్టేస్తున్నారు. భీమవరం వైపు పొలాలు రొయ్యల, చేపల చెరువులైపోయాయి. రైతుని తిట్టడానికి నాకు నోరు రాదు, అప్పులు తీర్చుకోవాల్సింది ఆయనే. కానీ సెంటు భూమి లేక గట్టు మీద రెండు గేదెల్ని మేపుకునే మనిషి ఎక్కడికి పోతాడు? (గేదెకి మన పూజల్లో చోటు లేదు గానీ, డెల్టాలో మన కాఫీలోకి పాలు ఎక్కువగా దానివే.)

మా తాతగారు లంకలో పశువుల్ని మేపేవారు. వరద తీయగానే ఒండ్రు మీద లేత గడ్డి నవనవలాడుతూ మొలిచేది. పశువుల్ని దింపనిచ్చేవారు కాదు. "ఇప్పుడు మేస్తే వేళ్ళతో సహా ఊడొచ్చేస్తుందిరా, తేరుకోనీ" అనేవారు. తర్వాత కూడా ఒక వార మేపి, రెండో వార వదిలేసేవారు. ఆకు కాస్త మిగిలితేనే గడ్డి మళ్ళీ చిగురిస్తుందని ఆయనకి ఏ పుస్తకమూ చెప్పలేదు. పశువులు ఆకలితో అరుస్తుంటే పచ్చగడ్డి ఎదురుగా పెట్టుకుని ఆగడం ఎంత కష్టమో చిన్నప్పుడు చూశాను. అదీ గోసేవే అని నాకు ఇప్పుడు తెలుస్తోంది.

కాబట్టి అమ్మా, మీరు పెట్టిన బొట్టు వృథా కాదు, కానీ పూజ సగంలో ఆగింది. మిగతా సగం మీ ఒక్కరి వల్ల అయ్యేది కాదు. ఊరుమ్మడి భూముల్లో ఆక్రమణలు తొలగించాలని సుప్రీంకోర్టు 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో చెప్పింది. మీ ఊళ్ళో పశువుల మేతకని రాసిన పోరంబోకు ఎంతుందో, ఇప్పుడు అందులో ఏముందో వీఆర్వోగారిని అడగండి. ఎంతని చెప్పారో నాకు రాయండి, వచ్చే కనుమ వీడియోకి ముందే.