నీళ్లు ఎవరి చేతిలో ఉన్నాయి?



రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో వాకిట్లో గొలుసుకు కట్టేసిన కుక్క, గుంజకు కట్టేసిన గేదె, గంప కింద కమ్మిన కోళ్లు ఎట్లా ఉంటాయో ఎప్పుడైనా చూశారా? “మనుషుల బాధలే తీరలేదు, పశువుల సంగతి మనకెందుకు?” అని మీలో కొందరు అడగొచ్చు. ఇది తేలిగ్గా తీసిపారేసే ప్రశ్న కాదు. దీని వెనక మన చరిత్ర ఉంది.

1927 మార్చి 20న బాబాసాహెబ్ మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టి తాగారు. అప్పటిదాకా ఆ చెరువులో గొడ్లు తాగొచ్చు, మనవాళ్లు మాత్రం తాగకూడదు. మన ఊళ్లలో కూడా ఎవరో ఒకరు దయతలచి పైనుంచి పోసేదాకా మన తల్లులు ఖాళీ కుండతో బావి దగ్గర నిలబడ్డారు. 1985 జులైలో కారంచేడులో, తాగే నీళ్లు మురికి చేయొద్దన్నందుకు మొదలైన గొడవ ఆరుగురు మాదిగల ప్రాణాలు తీసింది. ఇంత చూసినవాళ్లకు ‘జీవకారుణ్యం’ అనే మాట వింటే ఒళ్లు మండటం సహజం. చీమలకు చక్కెర చల్లిన చేతులే మనకు దూరం నుంచి నీళ్లు పోశాయి.

అయితే ఒక్కటి ఆలోచించండి. చవదార్ చెరువు దగ్గర మనల్ని ఆపింది గొడ్లా? గొడ్డుకు కులం ఏం తెలుసు? నీళ్ల మీద అధికారం చేతిలో పెట్టుకుని, ఇవ్వనన్న మనిషిదే ఆ తప్పు.

ఇప్పుడు మీ వాకిట్లోకి రండి. విడిగా తిరిగే కుక్క చెట్టు కిందకో, లారీ కిందకో, మోరీ పక్కకో పోయి పడుకుంటుంది. తన నీడ తానే వెతుక్కుంటుంది. దాన్ని మీరు కట్టేసిన క్షణం నుంచి ఆ వెతుక్కునే వీలు పోయింది. ఇక దాని నీడా నీళ్లూ మీ చేతిలోనే ఉన్నాయి. మనిషినీ పశువునూ ఒకటి చేయడానికి ఈ మాట చెప్పటం లేదు. మహద్‌లో మనం అడిగింది దయ కాదు, సాటి మనుషులుగా హక్కు. పశువు హక్కు అడగలేదు, నోరు లేదు. అందుకే కట్టేసినవాడి బాధ్యత ఇంకా పెద్దది.

‘బుద్ధుడు, ఆయన ధమ్మం’లో బాబాసాహెబ్ కరుణకూ మైత్రికీ తేడా చెప్పారు. కరుణ మనుషుల మీద ప్రేమ. మైత్రి అక్కడ ఆగదు, ప్రాణులన్నిటి దాకా పోతుంది. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ఇప్పించిన 22 ప్రతిజ్ఞల్లోనూ ప్రాణుల పట్ల దయ ఉంది. కర్నూలు జిల్లా ఎర్రగుడి రాళ్ల మీద అశోకుడి శాసనాలున్నాయి. మనుషులకూ పశువులకూ వైద్యం, దారుల వెంట ఇద్దరికీ బావులూ చెట్లూ అని వాటిలో ఉంది. ఇది పుణ్యం కోసం చేసే పని కాదు. ఎదుటి ప్రాణికి దప్పికవుతోంది, అంతే కారణం.

మైత్రి మనసులో ఉంటే చాలదు, చేతిలోకి రావాలి. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పుతూనే వేడి తగ్గించుకుంటుంది. కోడికి చెమటే లేదు, ముక్కు తెరిచి, రెక్కలు ఎడంగా పెట్టి రొప్పుతుంది. గేదె నల్లతోలు ఎండను పీల్చుకుంటుంది, అందుకే నీళ్లలో పడుకోవాలని చూస్తుంది. పొద్దున నీడ ఉన్న చోట మధ్యాహ్నానికి ఎండ వస్తుంది, కాబట్టి కట్టు మార్చండి. రేకుల మీద తాటాకో గడ్డో కప్పండి. మట్టి తొట్టిలో నీళ్లు పెట్టి రెండు పూటలా మార్చండి. కుక్కను తెల్లవారుజామున తిప్పండి. తారు రోడ్డు మీద మీ అరచేయి వెనకవైపు కాసేపు ఆనించలేకపోతే, దాని పాదాలూ నిలవలేవు. తలుపులు మూసిన కారులో కొద్దిసేపు కూడా వదలొద్దు.

ఆగకుండా రొప్పుతూ, చొంగ కారుస్తూ, తూలుతుంటే వడదెబ్బ అనుకోండి. వెంటనే నీడకు చేర్చి ఒంటి మీద మామూలు నీళ్లు పోస్తూ విసరండి. గొంతులో బలవంతంగా పోయొద్దు. పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి, లేదా 1962కు ఫోన్ చేయండి.

చివరిగా ఒక మాట. తొట్టి నింపేటప్పుడు ఇంకో సంగతి కూడా చూసుకోండి. మీ వీధి ఊడ్చే మనిషి, మురుగు తీసే మనిషి దాహమని వస్తే ఏ గ్లాసుతో ఇస్తున్నారు? మీరు తాగే గ్లాసేనా, లేక దానికోసం పక్కన పెట్టిన గ్లాసా? కుక్కకు నీళ్లు పోసి ఆ మనిషికి వేరే గ్లాసు పెడితే, మనం వదిలి వచ్చినదే మళ్లీ మన ఇంట్లోకి వచ్చినట్టు. ఆ గ్లాసు ఈరోజే తీసేయండి. తొట్టి కూడా ఈరోజే పెట్టండి.

నమో బుద్ధాయ! జైభీమ్!