అన్నీ మట్టిలో కలిసేవే అయితే, మట్టిని కాపాడటం ఎందుకు?

వైరాగ్యం గురించి మాట్లాడిన ప్రతిసారీ ఒక ప్రశ్న వస్తుంది: "ఎలాగూ అన్నీ మట్టిలో కలిసిపోయేవే కదా, ఇక దేన్నైనా కాపాడుకోవడం ఎందుకు?" మంచి ప్రశ్నే. జవాబు ఈసారి ఆ మట్టినే అడుగుదాం. శ్రీకాకుళం జిల్లా నౌపడకి వెళ్దాం రండి.

నౌపడ అనగానే ఉప్పు మడులు గుర్తొస్తాయి. సముద్రపు నీరు తీరమంతా ఉంది, మరి ఉప్పు అక్కడే ఎందుకు బాగా పండుతుంది? మడి అడుగున బంకమట్టి ఉండాలి. అదుంటేనే నీరు ఇంకిపోకుండా నిలిచి, ఎండకి ఆవిరై, ఉప్పు మిగులుతుంది.

ఆ బంకమట్టి కొండల నుంచి వచ్చిందే. తూర్పు కనుమల రాయిని వానలు, వాగులు అరగదీసి కిందికి మోసుకొస్తాయి. నీటి వేగం తగ్గేకొద్దీ బరువు దించుకుంటాయి. ముందు గులకరాళ్ళు, తర్వాత ఇసుక దిగుతాయి. నీరు దాదాపు కదలని చోట, అన్నిటికన్నా చివర, మెత్తటి బంక దిగుతుంది. వంశధార కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. మన తూర్పు తీరంలో అలలు ఏడాది మొత్తం మీద ఇసుకను ఉత్తరం వైపే ఎక్కువగా జరుపుతాయి. భావనపాడు దగ్గర ఇసుక దిబ్బలు సముద్రానికి అడ్డుగా నిలిస్తే, వాటి వెనక నిదానించిన నీటిలో బంక పేరుకుంది.

ఆ తీరపు ఇసుకలో ఎర్రటి మెరుపు రేణువులు కనిపిస్తాయి. అవి గార్నెట్. నవరత్నాల్లో మన గోమేధికం కూడా ఆ కుటుంబానిదే. ఇవి కొండల్లోని ఖోండలైట్ అనే రాయి నుంచి వచ్చాయి. ఖోండు గిరిజనుల పేరు మీద దానికా పేరు పెట్టారు. కోణార్క్ సూర్య దేవాలయాన్ని కట్టింది ఆ రాయితోనే. అసలు విషయం ఏంటంటే, ఆ రాయి కూడా ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న బురదే! దాదాపు 100 కోట్ల ఏళ్ళ క్రితం భూగర్భంలో వేడికీ ఒత్తిడికీ మారి ఇలా అయింది. బురద రాయైంది, రాయి కొండైంది, కొండ మళ్ళీ ఇసుకవుతోంది. పునర్జన్మ అంటే ఇంతకన్నా స్పష్టంగా ఎక్కడ కనిపిస్తుంది?

"మరింకేం, పోయిందంతా తిరిగొస్తుందిగా" అంటారేమో. వస్తుంది, కానీ ఎప్పుడు? కొండకి కోట్ల ఏళ్ళ టైముంది. తీరంలో వల ఆరేసుకునే మత్స్యకారుడికి వచ్చే తుఫాను దాకానే టైముంది. నది ఇసుకను ఆనకట్టల వెనక ఆపేసి, మిగిలింది మనం లారీల్లో తవ్వుకుపోతే, సముద్రానికి చేరేది తగ్గిపోతుంది. అలలు మాత్రం తమ పని ఆపవు. కొత్త ఇసుక రాని తీరం కోతకి గురవుతుంది. సృష్టి చక్రం ఆగదు నిజమే, కానీ మధ్యలో నలిగేది మనిషే.

గీత మూడో అధ్యాయంలో కృష్ణుడు యజ్ఞం గురించి చెబుతూ, పొందినదాన్ని తిరిగి ఇవ్వకుండా అనుభవించేవాడు దొంగే అంటాడు. తీసుకోవద్దని కాదు, చక్రాన్ని తెంచొద్దని. చెరువు మట్టితో వినాయకుణ్ణి చేసి, మళ్ళీ ఆ నీటికే అప్పగించడంలో మన పెద్దలు నేర్పింది ఇదే. నది ఇచ్చే వేగాన్ని మించి మనం తీసుకుంటే అది అప్పు. ఆ అప్పు తీర్చేది మనం కాదు, తీరంలో ఉన్న ఇంకెవరో. అధర్మం అక్కడే ఉంది.

కాబట్టి వైరాగ్యం అంటే "పోతే పోనీ" అనుకోవడం కాదండి. "ఇది నాది కాదు" అని తెలుసుకోవడం. నాది కానిదాన్ని ఇంకా జాగ్రత్తగా వాడాలి కదా! ఇల్లు కట్టేటప్పుడు భూమి పూజకి ముహూర్తం అడుగుతాం. ఈ ఇసుక ఏ నదిది, అనుమతితో తీసిందేనా అని కూడా అడుగుదాం. అది కూడా పూజలో భాగమే.

మీ ఊరి నది ఏది? కామెంట్లలో రాయండి. శుభం.