కట్టుబడి పనులు, చిత్రకళ

క్రేనును, పొక్లెయినును బొమ్మగా గీయుట కళ యగునా యని శంకించువారు మనలో ఇంకను కలరు. కొబ్బరితోపు, పడవ, కాలువగట్టు బొమ్మకు తగినవట. ఇనుపచువ్వలు, సిమెంటు దుమ్ము తగనివట! బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తియైనది. ఆ నీటిని పొలములకు తెచ్చుటకు మనుష్యులు త్రవ్విన కాలువలే నేడు మన చిత్రములలో ప్రకృతి యనిపించుకొనుచున్నవి. నాడు మట్టితట్టలు మోసినవారిని ఎవరైన గీసి యుంచినచో, ఆ బొమ్మను మనమెంత భద్రముగా దాచుకొని యుందుము!

యంత్రమున అందమున్నదా యనునది చిన్న ప్రశ్న. 1844లోనే టర్నరు వానలో పరుగిడు రైలుబండిని చిత్రించి ఆ తగవు తీర్చెను. ఆ అందములో పనివాడేమగుచున్నాడు? ఇది పెద్ద ప్రశ్న.

అమెరికాలో డెట్రాయిటు చెంతనున్న ఫోర్డు కర్మాగారమును ఇద్దఱు చిత్రించిరి. చార్లెస్ షీలరు 1931లో వ్రాసిన చిత్రమున పట్టాలు, గొట్టములు, గిడ్డంగులు కడిగినట్లు నిర్మలముగా నున్నవి. మనిషి మాత్రము లేడు. దియెగో రివేరా 1932-33లలో ఆ నగరపు కళాభవనము గోడలపై వ్రాసిన 27 ఫలకములలోనో, యంత్రముతో పెనగులాడు మనుష్యులే ప్రధానము. రివేరాకు సొమ్మిచ్చినవాడు ఫోర్డు కుమారుడే. అంతమాత్రమున ఆ చిత్రము కపటమని మేము తలంపము. వంగిన వెన్ను ఎవరిదో అందు కనబడుచున్నది.

1910లో స్థాపితమైన బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార ఛటర్జీ చిత్రకళ నేర్పెను. అడివి బాపిరాజు ఆయన శిష్యుడు. అట్టి ఊరిలో 2023 మే నెలలో కొత్త రేవునకు శంకుస్థాపన జరిగినది. అలలను ఆపుటకు సముద్రములోనికి రాతికట్టలు పోయుట మొదలైనది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన నెఱిగిన దివిసీమవారికి కెరటమున కెదురుగా పడిన రాయి వట్టి రాయి కాదు. చిత్రకారునకు ఇంతకు మించిన వస్తువేది?

ఒక ఆక్షేపణ మాత్రము బలమైనది. కరుణము రసమైనప్పుడు ఆనందమిచ్చునని మన ఆలంకారికులు చెప్పిరి. నాటకములో శోకము సీతది, ఆనందము ప్రేక్షకునిది. అందు దోషము లేదు, రంగముపై నున్నది నటియే గనుక. ఇనుము మోయు కూలి నటుడు కాడు. మనము బొమ్మ మెచ్చుకొను వేళకు అతడదే ఎండలో నున్నాడు. కావున బొమ్మ ఎంత సొంపైనదైనను కూలిరేటు మాట మఱపింపరాదు.

అయినను గీయక మానుట ఇంకను అన్యాయము. గుడివాడ చెంత మల్లాయపాలెములో 2023లో ఇండ్లు పంచిరి. రంగు వేసినంతనే ఇటుక కనబడదు. పరంజా విప్పినంతనే మేస్త్రి వేఱొక ఊరికి పోవును. శిలాఫలకమున అతని పేరుండదు. పరంజా విప్పక మునుపే చిత్రకారుడు రావలెను. వచ్చినప్పుడు క్రేను నడుపువానిని పేరడిగి, అతడొప్పుకొనినచో, బొమ్మ క్రింద తన సంతకము ప్రక్కనే దానిని వ్రాయవలెను.