ముందు ఒడ్డు పంచాయితీ, తర్వాతే కానుక

మా జహీరాబాద్ పల్లెల్లో అన్నదమ్ములకు మాటలు ఆగేది చెరుకు చేను ఒడ్డు దగ్గరో, బోరు నీళ్ల వంతు దగ్గరో. ఆ పంచాయితీలకు నన్నూ పిలుస్తుంటారు. ఆదివారం మాత్రం ఇద్దరూ చర్చికొస్తారు. ఒకరు కిటికీ పక్కన, ఇంకొకరు గుమ్మం దగ్గర. కానుక సంచి ఇద్దరి ముందుకూ వస్తుంది.

నీ మీద సోదరుడికి ఏదైనా కోపం ఉందని గుర్తొస్తే, కానుక బలిపీఠం ముందే వదిలి ముందు సమాధానపడి రమ్మన్నాడు యేసు. మత్తయి సువార్త 5వ అధ్యాయంలో ఉందీ మాట. విన్నది గలిలయ జనం. బలిపీఠమేమో యెరూషలేములో, వంద కిలోమీటర్లకు పైనే. వెళ్లి రావాలంటే రోజుల నడక. పైగా తప్పెవరిదని ఆయన అడగలేదు. ‘నాకేం కోపం లేదు’ అంటే చాలదు, అవతలివాడికి ఉందా అన్నదే లెక్క.

దక్షిణ ఇండియా సంఘం 1950 నాటి ఆరాధన క్రమంలో, కానుకకు ముందు చేతులు కలిపి సమాధానం అందించుకుంటారు. కేరళ సిరియన్ క్రైస్తవుల నుంచి తీసుకున్న ఆనవాయితీ అది. మంచిదే. కానీ కోపమున్నవాడు మన పక్కన కూర్చోడు కదా! అందుకే శనివారం సాయంత్రమే తమ్ముడి తలుపు తట్టమంటాను. ఒడ్డు కొలత సర్వేయర్ వచ్చాక తేలుతుంది. మాట కలపడానికి సర్వేయర్ అక్కర్లేదు.