చూస్తూ ఊరుకోవడం కూడా హానే

భిలాయి క్యాంప్ 2 వీధుల్లోంచి పొద్దుటి షిఫ్టుకు వెళ్లేవాళ్లు వెళ్లిపోయే వేళ ఇది. 1959 ఫిబ్రవరిలో ఇక్కడ తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైనప్పటి నుంచీ ఈ ఊరి బతుకంతా ఉక్కు చుట్టూనే.

చిన్నప్పుడు ఐజాక్ అసిమోవ్ రోబో కథలు చదివితే యంత్రాలే కనిపించాయి. ఇప్పుడు మళ్లీ చదువుతుంటే ఈ ఊరి మనుషులు కనిపిస్తున్నారు. ఆ రోబోల మొదటి నియమంలో రెండు ముక్కలున్నాయి: మనిషికి హాని చేయకూడదు, హాని జరుగుతుంటే చూస్తూ ఊరుకోకూడదు. 1947 నాటి 'లిటిల్ లాస్ట్ రోబో' కథలో, రేడియేషన్ దగ్గర కాసేపు పనిచేయాల్సిన మనుషుల్ని రోబోలు పక్కకు లాగేస్తుంటాయి. పనికి అడ్డమని అధికారులు కొన్ని రోబోల్లో ఆ రెండో ముక్క తీసేయిస్తారు. అది తెలిసి సూసన్ కాల్విన్ అనే శాస్త్రవేత్త హడలిపోతుంది. అలాంటి రోబో, పట్టుకోగలనన్న ధీమాతో మనిషి మీదికి బరువు వదలగలదు. వదిలాక పట్టుకోకుండా నిలబడనూగలదు. నియమం తప్పలేదు, ప్రాణం మాత్రం పోతుంది.

క్రేన్ల కింద, కరిగిన ఉక్కు పక్కన పనిచేసేవాళ్లకు ఇది ఉత్త కథ కాదు. తెగిన తీగను చూసి దాటిపోయినవాడు, హెల్మెట్ లేని కుర్రాణ్ణి చూసి నోరెత్తనివాడు 'నేనేం చేశాను?' అంటాడు. ఏమీ చేయకపోవడమే అతను చేసిన తప్పు. చెబితే పని ఆగుతుందనీ, పైవాళ్లు విసుక్కుంటారనీ భయం ఉంటుంది. ఆగిన పని రేపైనా అవుతుంది. ప్రమాదం మీ కంటపడితే, ఈరోజే నోరు తెరిచి చెప్పండి.