ఎదురెళ్ళేది ఎవరికి?

ఇంట్లోంచి ఒకరు దూరదేశం వెళ్ళారంటే మిగిలినవాళ్ళకు రెండు పనులు పడతాయి. ఒకటి సాగనంపడం, రెండోది ఎదురెళ్ళడం. సాగనంపడంలో పెద్ద కష్టం లేదు. కన్నీళ్ళు వాటంతటవే వస్తాయి, ఆవకాయ మనం కట్టిస్తాం. చిక్కంతా ఎదురెళ్ళడంలోనే ఉందంటాను నేను. నవలలు రాసేదాన్ని కదా, వెళ్ళేవాళ్ళ కథలకంటే తిరిగొచ్చేవాళ్ళ కథలమీదే నా ధ్యాస.

అమెరికాలో యూటా రాష్ట్రంలో సాల్ట్ లేక్ సిటీ అనే ఊరుంది. లోకం మార్మన్లని పిలిచే క్రైస్తవ శాఖకు అదే కేంద్రం. మగపిల్లవాడు రెండేళ్ళు మతప్రచారానికి వెళ్ళిరావడం వాళ్ళ ఇళ్ళల్లో ఆనవాయితీ. ఆడపిల్లలకు అంత పట్టింపు లేదు, అయినా చాలామంది వెళ్తారు. వాళ్ళకు 18 నెలలు. పూర్వం మగపిల్లలకు 19, ఆడపిల్లలకు 21 ఏళ్ళు నిండాల్సి ఉండేది. 2012లో దాన్ని 18, 19కి తగ్గించారు. అంటే మనింట్లో ఇంటర్మీడియెట్ పాసై, స్నానానికి తువ్వాలు అందించమని కేకలేసే వయసన్నమాట!

ఏ దేశం వెళ్ళాలో పిల్లలు కోరుకోవడానికి లేదు. చర్చి ఎక్కడికి పొమ్మంటే అక్కడికే. ఖర్చు చాలామటుకు వాళ్ళూ, వాళ్ళ తల్లిదండ్రులే భరించాలి. తెల్లచొక్కా, జేబు మీద పేరు రాసిన బిళ్ళ, పక్కన ఇంకో ప్రచారకుడు. ఇద్దరూ ఎప్పుడూ ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండాలి. తెలియని భాషలో తెలియని గుమ్మాలు తట్టాలి. చాలా తలుపులు మొహం మీదే మూసుకుంటాయి. 2019 ఫిబ్రవరి దాకా ఇంటికి ఫోను చేయడం ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కీ, తల్లుల దినోత్సవానికీ. ఇప్పుడు వారం వారం మాట్లాడుకోనిస్తున్నారు.

గడువు తీరి తిరిగొచ్చే రోజున ఆ ఊరి విమానాశ్రయం చూడాలి! తాతలూ, బామ్మలూ, చంటిపిల్లలూ అందరూ హాజరు. చేతుల్లో బెలూన్లు, పేరు రాసిన పెద్ద పెద్ద గుడ్డలు. 2020 మార్చిలో కరోనా వచ్చి ప్రచారకుల్ని వెనక్కి పిలిపించినప్పుడు, గుంపులుగా రావద్దని చెప్పినా వందలమంది కార్లు నిలిపేచోట కిక్కిరిసిపోయారు. అది తప్పే. కాని ఆ తల్లుల కాళ్ళు ఎందుకు ఆగలేదో మనకు వేరే చెప్పాలా?

ఆ తరవాత స్థానిక పెద్ద ఆ పిల్లవాణ్ణి బాధ్యతలనుంచి విడుదల చేస్తాడు. జేబు మీది బిళ్ళ తీసేస్తారు. నిన్నటిదాకా ‘ఎల్డర్’ అని పిలిపించుకున్నవాడు మళ్ళీ ఉత్త కుర్రవాడు.

ఇదంతా గడువు పూర్తిచేసినవాళ్ళ సంగతి. మధ్యలోనే తిరిగొచ్చే పిల్లలుంటారు. జబ్బు చేసి కొందరు, మనసు కుంగిపోయి కొందరు, ఈ పని మీద నమ్మకం చాలక కొందరు. వాళ్ళకెవరు ఎదురెళ్తారు?

మా తమ్ముడు కొంతకాలం ఆ ఊళ్ళో ఉద్యోగం చేశాడు. పక్కింటావిడ చిన్నకొడుకు ఏడు నెలలకే ఇంటికొచ్చాడు. రాత్రిళ్ళు నిద్రపట్టక, తిండి సయించక చిక్కిపోయాడట. ఆవిడ ఒకనాడు మా మరదలితో అన్న మాట నన్నింకా వదల్లేదు.

“వదినా, ఆవిడ ఏమందో తెలుసా? ‘మా పెద్దవాడొచ్చినప్పుడు ముప్ఫైమందిమి వెళ్ళాం. చిన్నవాడికి నేనొక్కదాన్నే వెళ్ళాను. ఎవరూ రావద్దని వాడే అన్నాడు. వాడు వద్దన్నాడని మానేశామో, మాకే వద్దనిపించిందో, ఎంత ఆలోచించినా నాకు తేలడం లేదు’ అంది.”

ఇది నిజాయితీగల మాట. ఇలా తనను తాను అడిగే ధైర్యం ఎంతమంది తల్లులకుంటుంది?

“అదేమిటి, కష్టపడి పూర్తిచేసినవాడికీ, సగంలో వచ్చినవాడికీ ఒకటే మర్యాదా? అలాగైతే మాటమీద నిలబడ్డానికి విలువేముంది?” అని మీరడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. సత్కారం వేరు, ఆదరణ వేరు అని నా జవాబు. సత్కారం చేసిన పనికి. దండలు వెయ్యండి, సభలో మాట్లాడించండి, ఎవరు కాదన్నారు? కాని గుమ్మం తెరవడం మనిషికి. దానికి నెలల లెక్కేమిటి? ఈ రెండూ కలిపేస్తే ఓ ప్రమాదం ఉంది. గడువు పూర్తిచేసిన పెద్దవాడు కూడా, ఈ ఇంట్లో నా చోటు నా గెలుపువల్లే వచ్చిందని నేర్చుకుంటాడు. రేపు ఓడిపోయిన రోజున వాడూ ఇంటికి రావడానికి జంకుతాడు.

బుద్ధుడు కపిలవస్తుకు తిరిగొచ్చిన కథ మనకు తెలిసిందే. శుద్ధోదనుడు ఎదురుచూసింది యువరాజు కోసం. వచ్చింది వీధిలో బిచ్చమెత్తుకునే భిక్షువు. వంశానికి తలవంపులని తండ్రి పరుగున వచ్చి మందలించాడు. బుద్ధుల వంశాచారం ఇదేనన్నాడు కొడుకు. చివరకు ఆ తండ్రి భిక్షాపాత్ర తన చేతుల్లోకి తీసుకుని, కొడుకుని మేడకు తీసుకెళ్ళి అన్నం పెట్టాడు. లోకమంతా కొలిచే కొడుకైనా తాను అనుకున్న కొడుకు కానందుకు ఆ తండ్రి మనసు గుచ్చుకుంది. ఇక ఓడి వచ్చిన బిడ్డ సంగతి చెప్పాలా?

ఇది పరాయి దేశపు గొడవ అని తోసెయ్యకండి. ఆ చర్చి కొన్ని సంఘాలను కలిపి ‘స్టేక్’ అనే పెద్ద విభాగంగా ఏర్పాటు చేస్తుంది. మన దేశంలో మొట్టమొదటిది 2012లో మన హైదరాబాదులోనే వెలిసింది. ఆ మతం మాట అటుంచినా, మనకూ రకరకాల ‘మిషన్లు’ ఉన్నాయి. అప్పుచేసి అమెరికా పంపిన అబ్బాయి చదువు మధ్యలో వదిలేసి వస్తే, “ఇరుగుపొరుగు అడిగితే సెలవులకొచ్చాడని చెప్పండి” అంటాం. పెళ్ళయిన మూణ్ణెల్లకే అమ్మాయి పెట్టె పుచ్చుకుని ఒంటరిగా వస్తే, “ఎన్నాళ్ళుంటావే?” అంటాం. ఆ ప్రశ్నకు అర్థం ఏమిటో దానికీ తెలుసు, మనకీ తెలుసు. ఆ ప్రశ్నకు జడిసి, రావలసిన వేళ రాలేక అక్కడే అణిగిపోయిన ఆడపిల్లలు ఎందరో!

అలాగని ఏమీ జరగనట్టు నటించమని కాదు. అడగాలి, వినాలి, అవసరమైతే మందలించాలి కూడాను. కాని దేనికైనా వరసంటూ ఒకటుంది. గుమ్మంలోకొచ్చిన అతిథికి కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చి, అన్నం పెట్టి, ఆ తరవాతే ఏం పనిమీద వచ్చారని అడగడం మన పెద్దల ఆచారం. ముక్కూమొహం తెలియని అతిథికిచ్చిన ఆ మర్యాద కడుపున పుట్టినవాళ్ళకు దక్కకూడదా?