అర్జునుడూ టాపరే!

నన్ను కలిసే మెడికోలు తరచూ ఒకే మాట అంటారు: "ఇంటర్ దాకా నేనే ఫస్టండీ. ఇక్కడ నేనెవరో నాకే తెలీట్లేదు." క్లాసులో 150 మందీ టాపర్లే మరి! చిన్న తప్పు కూడా సహించని స్వభావమే నీట్‌లో సీటు తెచ్చింది. అనాటమీ ఇంటర్నల్‌లో మార్కులు తగ్గితే అదే స్వభావం నిద్రపోనివ్వదు.

గీత మొదటి అధ్యాయం చూడండి. ద్రోణుడి శిష్యుల్లో మేటి అర్జునుడు. నోరు ఎండుతోందని, ఒళ్ళు వణుకుతోందని, గాండీవం జారిపోతోందని, నిలబడలేకపోతున్నానని ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ అధ్యాయం పేరేంటి? అర్జున విషాద యోగం. విషాదం కూడా యోగమే! కృష్ణుడు ముందు గట్టిగానే మందలించాడు. దాంతో అర్జునుడు లేవలేదు. నీ శిష్యుణ్ణి, దారి చూపమని నోరు తెరిచి అడిగాకే అసలు బోధ మొదలైంది.

జపం చేసుకోండి, మంచిదే. కానీ జపం చేస్తున్నాం కదా అని డాక్టర్ని మానేయకండి. రెండు వారాలుగా నిద్ర, తిండి, చదువు దెబ్బతింటుంటే సైకియాట్రిస్టును కలవండి. బతకాలనిపించకపోతే ఆ క్షణమే పక్కవాళ్ళకి చెప్పండి, 14416 టెలీ మానస్‌కి ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ పలుకుతారు.

రేపు మీ పేషెంటు "సాయం కావాలి డాక్టరుగారూ" అంటే చులకన చేస్తారా? మరి మిమ్మల్ని మీరెందుకు చేసుకోవడం?

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.